లారెన్స్ టేలర్ వ్యాసంలో ‘సాక్’ని తెలుగులో ఏమనాలి?

అమెరికన్ ఫుట్‌బాల్ డిఫెన్స్ ఆటగాడు లారెన్స్ టేలర్ (న్యూయార్క్ జెయింట్స్, 1981–1993) గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను: సాక్. అంటే క్వార్టర్‌బ్యాక్ (బంతి పాస్ చేసే ప్రధాన ఆటగాడు) పాస్ విసిరేలోపే, ఆట మొదలైన గీతకి వెనకాలే అతన్ని పట్టి పడేయడం.

మొదట ‘సాక్’ అనే ఉంచాను. నాన్నగారు చదివి, "ఎవరికి సాకు చెప్పాడు?" అని అడిగారు. ‘పడగొట్టడం’ అని మార్చాను. అది ఏ టాకిల్‌కైనా (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడానికి) సరిపోతుంది, తేడా తెలియడం లేదు. తర్వాత కబడ్డీలోంచి ‘పట్టు’ తీసుకున్నాను. ఇది నాకు బాగా నచ్చింది, రెయిడర్‌ని పట్టేసినట్టే ఉంటుంది కదా! కానీ 1986 సీజన్ దగ్గర చిక్కొచ్చింది. ఆ ఏడాది టేలర్‌వి 20.5 సాక్‌లు, లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) కూడా అతనే. ఇద్దరు కలిసి పడేస్తే చెరో సగం లెక్క. "ఇరవైన్నర పట్లు" అంటే ఎబ్బెట్టుగా ఉంది. కెరీర్ లెక్క కూడా 132.5 (1982 నుంచే అధికారిక లెక్క కాబట్టి తొలి ఏడాదివి ఇందులో లేవు).

ప్రతిసారీ వివరణ ఇవ్వక్కర్లేకుండా, సగం లెక్కకీ నప్పేలా సాక్‌కి మీరైతే ఏ మాట వాడతారు?