పదో తరగతి వర్గ సమీకరణాలు: లెక్క చదివి సమీకరణం రాయడం ఎలా నేర్పాలి?

నమస్తే అండీ, మా అమ్మాయి పదో తరగతి, తెలుగు మీడియం. సమీకరణం ఇచ్చేస్తే చకచకా చేసేస్తుంది, అదే వాక్యాల్లో ఇస్తే పెన్ను పట్టుకుని అలా కూర్చుండిపోతుంది.

ఉదాహరణకి ఈ లెక్క చూడండి. ఒక రైలు 180 కి.మీ. ఒకే వేగంతో వెళ్ళింది, వేగం గంటకు 9 కి.మీ. ఎక్కువైతే గంట ముందే చేరేది, అసలు వేగమెంత? వేగం ఎక్స్ అనుకోవడం వరకూ వస్తుంది. కాలం అంటే దూరం బై వేగం అనీ తెలుసు. కానీ 180/ఎక్స్ లోంచి 180/(ఎక్స్+9) తీసేయాలా, తిరగేసి రాయాలా అన్న దగ్గరే ఆగిపోతుంది. నెమ్మదిగా వెళ్తే ఎక్కువ టైమ్ పడుతుంది కదా, పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి అని నేను చెప్తే ఆ లెక్కకి సరే అంటుంది, ఇంకో లెక్కకి మళ్ళీ మామూలే.

అది దాటితే ఎక్స్ స్క్వేర్ + 9ఎక్స్ − 1620 = 0. ఇక్కడ లబ్ధం 1620, తేడా 9 వచ్చే జత, అంటే 45, 36 వెతకడానికి బోలెడు టైమ్ పోతోంది. సూత్రంతో వెళ్తే 6561కి వర్గమూలం కావాలి, అది 81 అని చటుక్కున తట్టదు. ప్రశ్నలో పద్ధతి చెప్పనప్పుడు ఏది నయం? ఎక్స్‌కి 36, −45 అని రెండు విలువలు వస్తాయి కదా, వాటిలో −45 ఎందుకు వదిలేశామో ఒక వాక్యం రాయకపోతే స్టెప్పు మార్కు పోతుందా? పేపర్లు దిద్దే మాస్టార్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ట్యూషన్ పెట్టించమని మాత్రం అనకండి, ప్లీజ్.