పాప సైకాలజీ అంటోంది, కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

యార్డు గుమాస్తా, గుంటూరు:

నమస్కారం అండీ. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. మా పాప ఇంటర్ బైపీసీ రెండో ఏడు. నీట్ రాయనని సంక్రాంతి పండక్కే తెగేసి చెప్పింది. సైకాలజీ చదువుతుందట. "పిచ్చోళ్ల డాక్టరా?" అని మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు బాధ లేదు గానీ భయం ఉంది. ఇంజనీరింగ్ అయితే మా వీధిలో పదిమందిని అడగొచ్చు. దీని గురించి చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకలేదు.

మా ముందు మూడు దారులున్నాయి. అమరావతి వైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీఎస్సీ, ఫీజు ఏడాదికి రెండు లక్షల పైమాటే. రెండోది విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో బీఏ, రోజూ బస్సులో వెళ్లి రావాలి. మూడోది మా బావమరిది సలహా: ఇంట్లో కూర్చుని దూరవిద్యలో డిగ్రీ కట్టించు, పక్కన నీట్ లాంగ్ టర్మ్ పెట్టించు అని.

యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) కోసి లోపలి కాయ చూడందే ఎవరూ ధర చెప్పరు. ఈ కాలేజీల్ని ఎక్కడ కోసి చూడాలో చెప్పండి.

బెంజి సర్కిల్ అక్క:

బాబాయ్ గారూ, ముందు మూడో దారి కొట్టేయండి. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పెట్టకూడదని యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ చెప్పేసింది. 2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం కిందకి సైకాలజీ కూడా వస్తుంది, అందుకని. ఇంకా ఎవరైనా "మా సెంటర్లో కట్టండి" అంటే డబ్బు తీసి ఇవ్వకండి.

నేను విజయవాడలో ఒక స్కూల్లో కౌన్సెలర్‌ని. నా డిగ్రీ కూడా ఈ ఊళ్లోనే. మా కాలేజీలో సైకాలజీ ల్యాబ్ ఉండేది, బీరువాకి తాళం కూడా ఉండేది. తాళంచెవి రిటైరైన మాస్టారి దగ్గర ఉండిపోయింది! మూడేళ్లూ ప్రాక్టికల్ రికార్డులు సీనియర్ల పుస్తకం చూసి ఎక్కించాం. తర్వాత సింహాద్రి రైలు ఎక్కి విశాఖ వెళ్లి ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏలో చేరాను. మొదటి వారం మిర్రర్ డ్రాయింగ్, అంటే అద్దంలో చూస్తూ బొమ్మ గీసే బల్ల ముందు కూర్చోబెడితే దేన్ని ఎటు తిప్పాలో తెలియక దిక్కులు చూశాను. పక్కనున్న అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తే.

అందుకే నా మాట: కాలేజీకి వెళ్తే ప్రిన్సిపాల్ గదిలో కూర్చోకండి. ల్యాబ్ తలుపు తీయించండి. మిర్రర్ డ్రాయింగ్ పరికరం, ముల్లర్-లయర్ భ్రమ బోర్డు (సమానమైన గీతలు పొట్టీ పొడుగూగా కనిపించేది), రియాక్షన్ టైమ్ కొలిచేది ఉన్నాయా, వాటిమీద దుమ్ముందా లేదా చూడండి. రెండో ఏడు పిల్లల్ని క్యాంటీన్‌లో పట్టుకుని "మీకు స్టాటిస్టిక్స్ ఎవరు చెప్తారు?" అని అడగండి. సైకాలజీ అంటే మనసు విప్పి మాట్లాడుకోవడం అనుకుని చేరిన పిల్లలు టీ టెస్ట్, కోరిలేషన్ లాంటి స్టాటిస్టిక్స్ లెక్కల దగ్గర బెంబేలెత్తిపోతారు. పాపకి లెక్కలంటే భయమా? అది ఇప్పుడే తేల్చుకోండి.

బీఏనా బీఎస్సీనా అని మాత్రం నిద్ర పాడుచేసుకోకండి. అడగాల్సింది వేరే ఉంది. మన రాష్ట్రంలో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక "మా దగ్గర సైకాలజీ ఉంది" అన్న మాటకి అర్థం మారింది. మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా ఉందా, మైనర్‌గా పక్కన కొన్ని పేపర్లేనా? నోటిమాట కాదు, సిలబస్ కాగితం చేతికి ఇమ్మనండి.

కొత్తపేట మాట:

అక్క చెప్పిందంతా నిజం. ఒక్కటి కలుపుతాను. గుంటూరు కొత్తపేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గర క్లినికల్ సైకాలజిస్టుగా చేస్తున్నాను. వారానికి ఇద్దరైనా "మందు రాయండి సార్" అంటారు. మందు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ. మేం పరీక్షలు చేస్తాం, థెరపీ చేస్తాం. నానమ్మగారికి ఈ తేడా చెప్పండి.

డిగ్రీ పట్టా చేతికొచ్చాక బోర్డు పెట్టుకోవచ్చు అనుకుంటే మాత్రం పొరపాటు. క్లినికల్ సైకాలజిస్టు అని పేరు పెట్టుకోవాలంటే భారత పునరావాస మండలి, అదే ఆర్‌సీఐలో నమోదు కావాలి. నేను డిగ్రీ, ఎంఏ, ఆపైన రెండేళ్ల ఎంఫిల్ చేశాను. ఇప్పుడు ఆ మెట్లు మారుతున్నాయి. నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్ అని ఆర్‌సీఐ కొత్తది తెచ్చింది. కానీ ఆ పేరు బ్రోషర్‌లో ఉన్నంత మాత్రాన సరిపోదు, కాలేజీ ఆర్‌సీఐ సైట్‌లోని జాబితాలో ఉండాలి. ఆ రెండు లక్షల కోర్సు మామూలు బీఎస్సీ సైకాలజీయా, ఆర్‌సీఐ ఒప్పుకున్నదా? ఫీజు సంగతి దాని తర్వాత మాట్లాడుకుందాం. మామూలుదైతే డిగ్రీలోనే అంత పోయకండి, పీజీకి దాచండి. పైచదువులకి ఊరు దాటక తప్పదు, హాస్టల్ ఖర్చు అప్పుడు ఉంటుంది.

లాంగ్ టర్మ్ బాధితుడు:

బావమరిది గారిని నా దగ్గరికి పంపండి. రెండేళ్లు లాంగ్ టర్మ్ చేసి సైకాలజిస్టు దగ్గరికి పేషెంటుగా వెళ్లాను.

యార్డు గుమాస్తా, గుంటూరు:

అందరికీ దండాలు. శనివారం యార్డు సెలవు కదా, పాపతో వెళ్లొచ్చాను. యూనివర్సిటీలో ఏసీ గదిలో కాఫీ ఇచ్చారు, ఆర్‌సీఐ అనగానే "సార్ వచ్చాక కనుక్కుని చెప్తాం" అన్నారు. పైన నిగనిగలాడే కాయ, అడుగున తాలు ఉందేమోనని నాకు అనుమానం వచ్చింది. ఉండకపోవచ్చు కూడా, ఫోన్ చేస్తామన్నారు, చూస్తాను.

విజయవాడ కాలేజీలో మేడమ్ ల్యాబ్ తాళం తనే తీశారు. పరికరాలు పాతవే, దుమ్ము లేదు. సైకాలజీ మేజరే, కాగితం ఇచ్చారు. స్టాటిస్టిక్స్ చెప్పే ఆవిడ వారానికి రెండు రోజులే వస్తారట, అది కొంచెం వెలితి. పాప అక్కడే అరగంట కూర్చుని అద్దంలో చూస్తూ నక్షత్రం గీసింది. ఇంటికొచ్చాక అట్టముక్క, షేవింగ్ అద్దం పెట్టి మా అందరిచేతా గీయించింది. నేను గీస్తే గీత బల్లమీదికి పోయింది. మా అమ్మ నాలుగోసారికి చుట్టూ తిప్పి తెచ్చింది. చిన్నప్పటి నుంచి ముగ్గులేసిన చెయ్యి గనక వచ్చిందా అని పాప ఇప్పుడు పక్కింటి పెద్దావిడలందరినీ పిలిపించి లెక్క రాసుకుంటోంది.