పడిపోయినవాడు ప్రభువు బల్ల దగ్గరకు మళ్ళీ ఎలా రావాలి?

అందరికీ వందనాలు. మాది అనంతపురం జిల్లాలోని ఒక పల్లె. నేను మా చర్చి సంఘానికి కోశాధికారిగా ఉన్న రోజుల్లో, వేరుశనగ పంట ఎండిపోయి, వేయించిన బోరులో నీళ్ళు పడక, అప్పులవాళ్ళు ఇంటి ముందు నిలబడినప్పుడు, నా దగ్గరున్న కానుకల సొమ్ము వాడుకున్నాను. తరువాత పైసాతో సహా కట్టేశాను, పాస్టరుగారి ఎదుట ఒప్పుకున్నాను, ఆయన క్షమించి నాతో కలిసి ప్రార్థన కూడా చేశారు. అయినా ఏడాదిగా మోకరిస్తే మాట రావడం లేదు. ప్రభురాత్రి భోజనం (ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) ఉన్న ఆదివారం మధ్యలోనే లేచి వచ్చేస్తున్నాను. నా భార్య ఏమీ అడగదు, అదే నాకు ఎక్కువ బాధ.

చలిమంట దగ్గర యేసు ఎవరో తెలియదని ముమ్మారు బొంకిన ఆయన శిష్యుడు పేతురును, యోహాను సువార్త 21వ అధ్యాయంలో మళ్ళీ నిప్పుల దగ్గరే ప్రభువు "నన్ను ప్రేమిస్తున్నావా?" అని ముమ్మారు ప్రశ్నించి, తన గొర్రెలను, అంటే తన ప్రజలను, అప్పగించాడని తెలుసు. పేతురుకు వినబడిన ఆ ప్రశ్న నాకు వినబడటం లేదు.

మొదటి కొరింథీయులకు 11:28లో అపొస్తలుడైన పౌలు, ఎవరైనా తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తినమన్నాడే గాని మానుకోమనలేదు కదా. మరి మనసుకు నెమ్మది రాకముందే బల్లలో పాలుపొందవచ్చా? సంఘమంతటి ఎదుట కూడా ఒప్పుకోవడం అవసరమా? ఇలా పడి లేచినవారు, దావీదు పశ్చాత్తాప ప్రార్థన అయిన 51వ కీర్తన తప్ప మరేదీ చదవలేని రోజుల్లో ప్రార్థనను ఎలా తిరిగి మొదలుపెట్టారో దయచేసి తెలియజేయగలరు.