గాయపడిన పిల్లల కోసం అంబులెన్సులో ముందుగా ఏమి సమకూర్చుకోవాలి?

ప్రశ్న
నమస్కారం. నేను అంబులెన్సులో పనిచేస్తున్నాను. మొన్న మెట్ల మీద నుంచి పడిన రెండేళ్ల పాప కోసం వెళ్లినప్పుడు, మా దగ్గరున్న మెడ కాలర్ ఆమె నోటి దాకా వచ్చింది. బీపీ కఫ్ భుజం నుంచి మణికట్టు వరకు కప్పేసింది. పాప కోలుకుంది గాని, నా మనసు కుదుటపడలేదు. పిల్లల కోసం విడిగా ఒక సంచి సిద్ధం చేయాలనుకుంటున్నాను. దేనితో మొదలుపెట్టమంటారు?

సమాధానం (పిల్లల వైద్యురాలు)
శ్వాసతో మొదలుపెట్టండి. పెద్దల అంబు బ్యాగ్‌లో (చేత్తో నొక్కి ఊపిరి అందించే తిత్తి) సుమారు 1500 మిల్లీలీటర్ల గాలి పడుతుంది. పసివారికి 500 మిల్లీలీటర్లది చాలు. పెద్దదాన్ని గట్టిగా నొక్కితే గాలి పొట్టలోకి పోయి, పొట్ట ఉబ్బి, ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి చోటు లేకుండా పోతుంది, వాంతి కూడా కావచ్చు. మాస్కు ముక్కు నుంచి గడ్డం వరకు కప్పాలే గాని కళ్ల మీదికి రాకూడదు కనుక, రెండు మూడు సైజులు ఉంచండి. పసిపిల్లల తల వెనుక భాగం పెద్దది కావడంతో బల్ల మీద పడుకోబెట్టగానే మెడ ముందుకు వంగుతుంది. భుజాల నుంచి నడుము దాకా ఒంటి కింద మడతపెట్టిన దుప్పటి వేస్తే మెడ నిటారుగా ఉంటుంది. ఖరీదైన పరికరాల కన్నా ఈ దుప్పటే ఎక్కువసార్లు అక్కరకు వస్తుంది.

సమాధానం (అంబులెన్సు సిబ్బందికి శిక్షణ ఇచ్చేవారు)
డాక్టరు గారి మాటకు ఒకటి జోడిస్తాను. బ్రాస్లో టేపు (రంగుల గడులున్న కొలత పట్టీ) తప్పక కొనండి. బిడ్డ పక్కన తల నుంచి మడమ వరకు పరిస్తే, మడమ ఏ రంగు దగ్గర ఆగిందో దాన్నిబట్టి బరువు అంచనా, మందుల మోతాదు, గొట్టాల సైజు తెలుస్తాయి. సంచిలోని అరలకూ అవే రంగులు వేస్తే, చేతులు వణుకుతున్న వేళ వెతుకులాట తప్పుతుంది.

పిల్లల ఒంట్లో కిలోకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే పది కిలోల బిడ్డకు ఒక గ్లాసెడు రక్తం పోవడమంటే నాలుగో వంతు పోయినట్టే. అయినా బీపీ అప్పటికి పడిపోకపోవచ్చు. అందుకే సరైన కఫ్ ఉన్నా, నాడి వేగాన్నీ చేతుల చల్లదనాన్నీ ముందు చూడండి. సెలైను, మందులు ఎక్కించడానికి నరం దొరకనప్పుడు మోకాలి కింద ఎముకలోకి గుచ్చే సూది ప్రాణాధారం. శిక్షణ పొందినవారే వాడాలి.

ప్రశ్నించినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. దారిలో బిడ్డను తల్లి ఒడిలో ఉంచవచ్చా?

సమాధానం (శిక్షణ ఇచ్చేవారు)
వద్దండి. సడన్ బ్రేకు పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా బిడ్డ చేజారిపోతుంది. స్ట్రెచర్‌కు బిగించే పిల్లల బెల్టులు సంచిలో చేర్చండి, తల్లిని బిడ్డకు కనిపించేలా పక్క సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టండి.