సమస్య: పుంజు గుడ్డు పెట్టి పొదగ సాగె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. ముందు మూడు పాదాలూ మీరు పూరించి, ఈ అసంభవానికి అర్థం కుదర్చాలి. పాదంలో అక్షరం కూడా మార్చకూడదు. పిల్ల, పెట్ట, పుంజు... వయసును బట్టి, ఆడ మగను బట్టి కోడికి ఇన్ని పేర్లున్నాయి, ఏది ఎలా వాడుకుంటారో మీ ఇష్టం.

మొదటి పూరణ:

తెల్లవారగానె తెలిసి కూసెడిదేది?
గంపలోన పెట్ట గమ్మునుండి
యేమి చేసెనమ్మ యెరిగి చెప్పుము నీవు?
పుంజు, గుడ్డు పెట్టి పొదగ సాగె.

నిర్వాహకుడు: భేష్! ప్రశ్నలకు వరుసగా జవాబులిచ్చే క్రమాలంకారంతో ఒడ్డెక్కారు. ‘పుంజు’ దగ్గర ఒక్క విరుపు విరిస్తే అసంభవం కాస్తా రెండు జవాబులైంది. ‘గమ్మునుండి’ బాగా అతికింది. రోజుకోసారి మేతకు దిగడం తప్పితే పొదిగే పెట్ట 21 రోజులూ అలాగే కూర్చుంటుంది. ‘నీవు’ మాత్రం గణం కోసం, అంటే ఛందస్సు లెక్క సరిపోవడానికి, తెచ్చిపెట్టుకున్నదే.

రెండో పూరణ:

పిల్లగున్న వేళ పెద్ద తురాయిని
చూచి పుంజటంచు చుట్టమొకడు
తెచ్చి యిచ్చె నాకు; తెల్లబోతిని నేడు
పుంజు గుడ్డు పెట్టి పొదగ సాగె.

ఒక సభ్యుడు: అప్పుడే పుట్టిన పిల్లకు తురాయి ఎక్కడిది సార్?

రెండో కవి: పుట్టిన రోజని నేను అనలేదుగా! ఐదారు వారాల పిల్లల్లో పుంజుపిల్ల తురాయి ముందుగా ఎర్రబడుతుంది. కానీ లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో పెట్టకూ పెద్ద తురాయే. మా చుట్టం అక్కడే బోల్తాపడ్డాడు. ఐదో నెల ప్రాంతంలో గుడ్డు కనిపిస్తేగాని గుట్టు తేలలేదు.

కొత్త సభ్యురాలు: నిజంగా పుంజు గుడ్డు పెట్టదు కదా?

నిర్వాహకుడు: పెట్టదు. తిరగేస్తే మాత్రం జరుగుతుంది, అదీ అరుదుగా. పెట్టకు పనిచేసేది ఎడమ అండాశయం ఒక్కటే. అది పాడైతే పుంజు ఈకలు వచ్చి, కూత కూడా మొదలుపెట్టవచ్చు, గుడ్లు ఆగిపోతాయి. అందుకే ‘పెట్ట పుంజు కూత పెట్టసాగె’ అని ఇచ్చి ఉంటే అది సమస్య కాదు, వార్త!

మూడో పూరణ:

పెట్ట యనెడి మాట చంటివానికి రాదు
కోడి యేది యైన కోడిపుంజె
గంప యెత్తి చూచి గట్టిగా నరచెను
పుంజు గుడ్డు పెట్టి పొదగ సాగె.

నిర్వాహకుడు: ఊహకు నా ఓటు దీనికే. తప్పు మాటతోనే సమస్య విడిపోయింది. కానీ మొదటి పాదంలో ‘పె’కు ‘చం’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొంతన, కుదరదు. పైగా చంటివాడు గంప ఎలా ఎత్తుతాడండీ?

మూడో కవి: నిజమే! ‘పిన్నవానికి రాదు’ అని మార్చాను. యతీ కుదిరింది, గంపా లేచింది.