పడమటి కిటికీకి ఫిల్మ్ వేయిస్తే వేడి తగ్గుతుందా?

పడమటిల్లు_బెజవాడ: ఐదో అంతస్తు, హాల్లో పడమటి వైపు పెద్ద అద్దం. మధ్యాహ్నం మూడు దాటితే సోఫా మీద కూర్చోలేం. ఏసీ ఉన్నా లేనట్టే. ఏ రకం ఫిల్మ్ మంచిది? ఎంతవుతుంది? బాల్కనీ తలుపుకి కూడా వేయొచ్చా?

కూకట్‌పల్లి_కోడలు: మేం మెరిసే రకం వేయించాం. వేడి తగ్గింది, కాదనను. బయటివాళ్లకి లోపల ఏమీ కనిపించదన్నాడు. పగలు నిజమే, రాత్రి లైటేస్తే అంతా తారుమారు. ఎదురింటి ఆంటీ "నిన్న పదింటికి దోసెలేశారేంటమ్మా?" అని అడిగేదాకా మాకు తెలియలేదు. మళ్లీ కర్టెన్లు కొన్నాం.

గాజుపని: ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది. సిరామిక్ ఫిల్మ్ వేయించండి, 99 శాతం వేడి ఆగుతుంది. షాపుకొస్తే బల్బు పెట్టి చూపిస్తా.

లెక్కల_మాస్టారు: ఆ బల్బే అసలు కిటుకు! దాన్నుంచి వచ్చేది చాలావరకు ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్), అంటే కంటికి కనిపించని కిరణాలు. ఎండలో అది దాదాపు సగమే, మిగతాది ఎక్కువగా వెలుగు. ఆ వెలుగూ గచ్చు మీద పడితే వేడే అవుతుంది. ఐఆర్ 99 అంటే మురిసిపోకండి, టీఎస్ఈఆర్ ఎంతో అడగండి. మొత్తం ఎండలో ఎంత ఆపుతుందో చెప్పేది అదే.

గాజుపని: మాస్టారూ, మీ చేత్తో ఎన్ని అద్దాలకు అంటించారు?

లెక్కల_మాస్టారు: ఒక్కటీ లేదు. బిల్లు మాత్రం కట్టాను.

స్టీరింగ్_శీను: నాకు కారు ఫిల్మ్‌కి చలాన్ పడింది. 2012లోనే సుప్రీంకోర్టు వద్దందట.

రూల్స్_రంగడు: పాత మాట. 2021 ఏప్రిల్ నుంచి రూల్ మారింది. ముందూ వెనకా అద్దాల్లోంచి కనీసం 70, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుగు లోపలికొస్తే ఫిల్మ్ ఉండొచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది.

స్టీరింగ్_శీను: ఆ తీర్పు మా సెంటర్లో ఎస్సైకి నువ్వే చదివి వినిపించు.

పడమటిల్లు_బెజవాడ: అన్నా, నాది ఇల్లు!

రోహిణి_కార్తె: చౌక కదాని డబుల్ గ్లాసుకి (రెండు పొరల అద్దానికి) నల్ల ఫిల్మ్ వేయించా. అది వేడిని వెనక్కి కొట్టదు, తాగుతుంది. అద్దం సగం ఎండలో, సగం సన్‌షేడ్ నీడలో. ఎండలోది సాగింది, నీడలోది సాగలేదు, టప్‌మంది. రోళ్లు పగిలే కార్తెలో మా అద్దం పగిలింది.

గాజుపని: అది ఫిల్మ్ తప్పు కాదు, వేసినవాడిది. డబుల్ గ్లాసుకి లోపల నల్లది ఎవడేస్తాడు?

రోహిణి_కార్తె: ఇరవై ఏళ్ల అనుభవమని చెప్పినవాడే.

కూకట్‌పల్లి_కోడలు: 😂 బెజవాడ గారూ, ముందు బయట వెదురు చాప కట్టి చూడండి. ఎండ అద్దం దాకా రాకుండానే ఆగుతుంది.

పడమటిల్లు_బెజవాడ: అపార్ట్‌మెంట్ వాళ్లు బయట ఏమీ కట్టనివ్వరండీ. ఇంతకీ బాల్కనీ తలుపు సంగతి?