టీవీలో మోగే తెలుగు పిల్లలకు అబ్బుతుందా?

మహేంద్రతనయ:
మాది పర్లాకిమిడి. పాపకు ఏడేళ్లు, ఒడియా మాధ్యమం. టీవీలో తెలుగు వార్తలు పెట్టి వదిలేస్తే చాలు, ఆడుకుంటున్నా మెదడు తనంతట తానే పట్టుకుంటుందని మా ఆయన వాదన. మా అమ్మ ఒప్పుకోదు. మీరేమంటారు?

వంశధార:
మీ వారి మాటే నిజం. ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ దశాబ్దాల పాటు దీని మీదే పనిచేశారు. ఒకే ధ్వనిని వరసగా వినిపిస్తూ మధ్యలో ఒకటి మార్చేవారు. మనిషి పుస్తకంలో మునిగి ఉన్నా, మార్పు వచ్చిన పావు సెకను లోపే మెదడు విద్యుత్తులో కదలిక కనిపించేది. 1978లోనే ప్రకటించారు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

గుణుపురం మాస్టారు:
వంశధార గారూ, ఆ పరిశోధన మీద నాకూ ఎంతో గౌరవం. కానీ మీరు సగంలో ఆపేశారు. 1997లో ఆయన బృందం ఫిన్నిష్, ఎస్టోనియన్ మాట్లాడేవారిని పోల్చింది. ఎస్టోనియన్‌లో మాత్రమే ఉన్న ఒక అచ్చుకు ఎస్టోనియన్ల మెదడు గట్టిగా స్పందించింది, ఫిన్నిష్ వారిది అంతగా స్పందించలేదు. తేడా పట్టే శక్తి ఆ భాషతో మెలిగితేనే బలపడుతుంది.

ఒడియాలో ఇ, ఈ అక్షరాలు రెండూ ఉన్నాయి, పలుకులో తేడా లేదు. మా ఒడియా పిల్లలకు ‘విడు’, ‘వీడు’ ఒకటిగానే వినిపిస్తాయి. పుట్టినప్పటి నుంచి బజారులో తెలుగు వింటున్నవాళ్లే వీళ్లంతా!

అమెరికాలో శాస్త్రవేత్త ప్యాట్రీషియా కూల్ 2003లో తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష మాండరిన్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించినప్పుడు ఆ ధ్వనులు పట్టుకున్నారు. పన్నెండు దఫాలే, ఒక్కొక్కటి 25 నిమిషాలు. టీవీలో విన్న పిల్లలకు ఏమీ రాలేదు.

వంశధార:
ఈ పాప తెలుగింటి పిల్ల. ధ్వనులు ఎప్పుడో చెవిన పడ్డాయి. పసివాళ్ల లెక్క ఆమెకు ఎలా చెల్లుతుంది?

గుణుపురం మాస్టారు:
ధ్వనుల వరకు ఒప్పుకుంటాను. మాటల సంగతేమిటి? 1953లో కాలిన్ చెర్రీ అనే పరిశోధకుడు మనుషులకు రెండు చెవుల్లో వేర్వేరు మాటలు వినిపించి, ఒక చెవిలోవి వెంటనే తిరిగి చెప్పమన్నారు. రెండో చెవిలో గొంతు మగ నుంచి ఆడకు మారితే తెలిసింది. ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా చాలామంది గమనించనే లేదు! అమ్మా, మీ పాప ఆడుకుంటుంటే ఆ వార్తల గతి కూడా అంతే.

మహేంద్రతనయ:
మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు మాస్టారూ. అమ్మకు మాత్రం అంతా చదివి వినిపించాను. “సాయంత్రం చిక్కుళ్లు ఒలవడానికి దాన్ని నా దగ్గరకు పంపు, నేను మాట్లాడతాను” అంది.